కొండల కథ ఎవరి చేతిరాతలో ఉంది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆదివాసుల జీవితం, వారి చరిత్ర, దొరతనం రోజుల్లో వారు పడిన పాట్ల గురించి వచ్చిన పుస్తకాలకు సంబంధించినవే. ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల నుంచి, మహారాష్ట్ర సరిహద్దులోని సిరోంచ నుంచి అందిన ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. తొమ్మిదో తరగతి చదివే సవర అమ్మాయి ఒకతె, "టీచర్, మావాళ్ల గురించి పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగింది. వెతికితే థర్‌స్టన్ రాసిన కులాలు, తెగల సంపుటాలు దొరికాయి. సవరల అధ్యాయం చదివాక దాన్ని ఆ పిల్ల చేతికివ్వడానికి మనసొప్పలేదు. ఏం చేయమంటారు? – గుణుపురం

జవాబు: మీకు మనసొప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన గ్రంథం అది. మనుషుల తలలనూ ముక్కులనూ కొలిచి, ఆ కొలతలతో జాతులను తేల్చవచ్చునని గట్టిగా నమ్మిన కాలంలో తయారైన పుస్తకం. తన తాతల గురించి ఒక పిల్ల మొట్టమొదట చదవవలసిన మాటలు అవి కావు.

అయినా ఆ సంపుటాన్ని అటకెక్కించవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. గుణుపురం వారందరూ చదివి తీరవలసిన పేరా ఒకటి అందులో ఉంది. అది థర్‌స్టన్ సొంత రచన కాదు, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1907లో తయారుచేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాలతో సర్కారు వేసిన గ్రంథం, నుంచి తెచ్చుకున్నది. గుణుపురం అప్పటికి విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సంగతి ఇది: 1864లో పుట్టాసింగి పోలీసులు ఒక సవర పెద్దను అరెస్టు చేశారు. సవరలు వెళ్లి ఆయనను విడిపించుకున్నారు. ఆ గొడవలో ఒక ఇన్‌స్పెక్టరు, నలుగురు కానిస్టేబుళ్లు చనిపోయారు, ఠాణా తగలబడింది. పలుకుబడి ఉపయోగించి నిందితులను పట్టివ్వమని ప్రభుత్వం జయపురం రాజావారిని కోరింది. 24 మంది దొరికారు. వారిలో 9 మందికి యావజ్జీవ ద్వీపాంతరవాసం, ఐదుగురికి ఉరిశిక్ష పడ్డాయి. ఆ ఐదుగురినీ పుట్టాసింగి ఘాట్ మొదట్లోని జల్తేరులో ఉరితీశారు. చేసిన సాయానికి గుర్తుగా రాజావారికి ఒక తుపాకీ, మరికొన్ని కానుకలు అందాయి. మరుసటి ఏడు కొండమీద ఠాణా పెట్టబోయిన పోలీసులను సవరలు మళ్లీ ఘాట్ దిగేదాకా తరిమారు. పెద్ద బలగం వచ్చి, 1866 జనవరికి గానీ ఆ ఠాణా నిలదొక్కుకోలేదు. ఇంకో ముగ్గురు ద్వీపాంతరం పోయారు.

ఇప్పుడు పెన్సిలు పట్టుకుని ఆ పేరాను మళ్లీ చదవండి. ఆ పెద్దను అరెస్టు చేసిన తీరు సరైనది కాదని అన్నది సవరలు కాదు, గెజిటీరే. ఒక్క మాటలో ఆ తప్పు ఒప్పుకొని, అందుకు బాధ్యులెవరో, వారికి ఏం జరిగిందో చెప్పకుండా వాక్యం ముందుకు సాగిపోతుంది. అరెస్టయిన పెద్ద పేరు లేదు. ఉరికంబమెక్కిన ఐదుగురిలో ఒక్కరి పేరూ లేదు. రాజావారికి ముట్టిన కానుక మాత్రం తుపాకీ అని స్పష్టంగా ఉంది. ఆఖరున, సవరలు మైదానపు సంతలకు రావడం మొదలుపెట్టారన్న విషయాన్ని 1874 నాటి నివేదికలు చెప్పుకోదగ్గ విశేషంగా పేర్కొన్నాయని ఉంటుంది. సంతకు రావడమే విశేషమైందంటే, అంతకుముందు పదేళ్లపాటు గల్లు ఉప్పుకు కూడా కిందికి దిగడానికి ఎంతమంది భయపడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ భయాన్ని గెజిటీరు పిరికితనమనీ, అనుమానపు స్వభావమనీ రాసుకుంది. మీరు ఈ పేరాను తరగతిలో పైకి చదివి, ఇందులో ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు అని పిల్లలనే అడగండి. సవర పిల్లలే కాదు, తెలుగు, ఒడియా పిల్లలు కూడా ఆ ప్రశ్న వినాలి.

ఇక ఆ అమ్మాయి చేతికి ఏమివ్వాలి? నన్నడిగితే ముందుగా గిడుగు రామమూర్తి పంతులుగారి సవర–ఇంగ్లీషు నిఘంటువు ఇవ్వండి. పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమానికే తలచుకుంటాం గానీ, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆయన ఆ భాష నేర్చుకున్నారు. ఆయన తయారుచేసిన సవర పుస్తకాలను 1911లో అచ్చువేసిన మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే పుచ్చుకోకుండా, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టి నడపమన్నారు. వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వచ్చాయి. నిఘంటువు కథల పుస్తకం కాదు కదా అనుకోకండి. తన ఇంట్లో అమ్మ అనే మాట అచ్చులో, అంత పాత పుస్తకంలో కనిపించినప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో చూడండి. పైగా పుస్తకంలోని మాట ఒకచోట తమ ఊరి మాటకు వేరుగా ఉందని ఆమె చెప్పిందనుకోండి, ఆ పూట ఆ తరగతిలో పండితురాలు ఆమే.

మీకోసం ఇంకో రెండు పేర్లు చెబుతాను. వెరియర్ ఎల్విన్ సవరల మతాచారాల మీద రాసిన పెద్ద గ్రంథం 1955లో వచ్చింది. వారి ఇళ్లలోని గోడబొమ్మల గురించి అంత ఓపికగా రాసినవారు అప్పటికి లేరు. ఆ తరువాత, 1970లలో ఈ కొండలకు వచ్చి సోర (సవర) భాష నేర్చుకున్న పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒకటి, 2017లో ఒకటి, రెండు పుస్తకాలు రాశారు. చనిపోయినవారు పూనకం వచ్చిన స్త్రీ నోట మాట్లాడటం, బతికున్నవారు వారితో పోట్లాడటం, ఏడవడం, ఎందుకు పోయావని నిలదీయడం మొదటి పుస్తకం నిండా ఉంటాయి. రెండో దాంట్లో అదే ఊళ్లలో పిల్లల తరం క్రైస్తవం తీసుకుని ఆ మాటలు ఆపేసిన తరువాతి నిశ్శబ్దం ఉంటుంది. ఒకే మనిషి, అవే ఊళ్లు, మధ్యలో నలభై ఏళ్లు. నేను రెండుసార్లు చదివాను, రెండుసార్లూ మధ్యలో ఆపి కాసేపు బయటికి వెళ్లి కూర్చోవలసి వచ్చింది.

ప్రశ్న: మా ముత్తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ చింతపండు, పసుపు వ్యాపారం చేశారు. ఆదివాసుల గురించి ఏ పుస్తకం తెరిచినా మైదానపు షావుకార్లు దోపిడీదారులనే ఉంటుంది. మా పిల్లలు చదివి మమ్మల్నే అడుగుతున్నారు. అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయమా? – రాయగడ

జవాబు: మీ బాధ నాకు పరాయిది కాదు, నేనూ ఆ గాటన ఉన్న ఇంటివాడినే. మా తాతగారికి సంతవీధిలో దుకాణం ఉండేది. చింతపండు కాలంలో కావిళ్లతో కొండ దిగి వచ్చినవారు పొద్దెక్కకముందే అరుగుమీద కూర్చునేవారు. తాతగారు సరుకు కాటా వేయించి, పాత బాకీ, దానిమీద వడ్డీ, ఈనాటి సరుకు విలువ చిట్టాలో తెలుగులో రాసి, ఆఖరి అంకె పైకి చదివేవారు. ఎదుటి మనిషి తల ఊపి, బొటనవేలికి సిరా రాయించుకుని కాగితంమీద నొక్కి, వేలికి మిగిలిన సిరాను జుట్టుకు తుడుచుకుని లేచేవాడు. చిన్నతనంలో నేను చూసింది ఆ వేలిముద్ర వేడుకనే. తాతగారు పోయిన చాలా ఏళ్లకు ఆ చిట్టాలు తిరగేస్తే, ఒకే పేరు కింద వరుసగా పదకొండేళ్లు చింతపండు జమ పడుతూనే ఉంది, బాకీ గడిలో అంకె మాత్రం మొదటి ఏడు ఉన్నదానికంటే పెద్దదిగా ఉంది. మా తాతగారు ఊళ్లో ధర్మాత్ముడనిపించుకున్నవారు. ఆకలన్నవాడికి అన్నం పెట్టకుండా పంపలేదు. ఆ మాటా నిజమే, ఆ చిట్టా కూడా నిజమే.

మంచి పుస్తకాలు మీ ముత్తాతగారి స్వభావం మీద తీర్పు చెప్పవు, ఆయన కూర్చున్న అరుగును ఎవరు కట్టారో చెబుతాయి. దొరతనం కొండమీద నగదు అవసరాన్ని పెంచింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టమూ, దాని వెనుక వచ్చిన నిబంధనలూ రిజర్వు గీతలు గీసి, పోడు కొట్టడాన్నీ కట్టె తెచ్చుకోవడాన్నీ జరిమానాలతో ముడిపెట్టాయి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుమీద పన్ను పడింది. తగాదా వస్తే మైదానంలోని కోర్టుకు నడిచి వెళ్లాలి. వీటన్నిటికీ రూపాయలు కావాలి, ఆ రూపాయలు దొరికే చోటు షావుకారు అరుగు ఒక్కటే. 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేవడానికి కారణాలు చూడండి. కల్లుమీద వేసిన చిగురుపన్ను ఒకటైతే, కొండవారు హాజరుకాని కోర్టుల్లో మైదానపు వర్తకులు తెచ్చుకున్న డిక్రీలు, వాటితో పశువులనూ పొలాలనూ జప్తు చేయించుకోవడం ఇంకొకటి. దీనిమీద డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో రాసిన దీర్ఘ వ్యాసం చదవదగినది.

ఇది చరిత్రకారుల పక్షపాతమని మీ ఇంట్లో ఎవరైనా అంటే 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టాన్ని చూపించండి. బాకీమీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదనీ, మొత్తం వడ్డీ అసలును దాటకూడదనీ, ఆదివాసి భూమి ఏజెంటు (ఆ ప్రాంతపు ప్రభుత్వాధికారి) అనుమతి లేకుండా ఇతరుల చేతికి పోతే ఆ బదిలీ చెల్లదనీ అందులో ఉంది. రంప తిరుగుబాటు జరిగిన 38 ఏళ్లకు, ఆ ఏర్పాటును పెంచి పోషించిన ప్రభుత్వమే రాసుకోవలసి వచ్చిన చట్టమిది. నూటికి 24 పైగా వడ్డీ నడవకపోతే ఆ అంకెతో చట్టం రాయవలసిన పనేముంది?

మీ పిల్లలకు ఒక నవల ఇవ్వదలిస్తే గోపీనాథ మహంతి 1945లో రాసిన 'పరజా' ఇవ్వండి. ఒడియా చదవగలిగితే మూలంలోనే చదివించండి, మన జిల్లాల పిల్లలకు అది కష్టం కాదు. ప్రభుత్వోద్యోగిగా కొరాపుట్ కొండల్లో తిరిగిన రచయిత ఆయన. శుక్రు జాని అనే పెద్దాయన, ఆయన ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఫారెస్టు గార్డు పగబట్టి కేసు పెడతాడు. జరిమానా కట్టడానికి అప్పు చేస్తారు. అప్పు తీర్చడానికి తండ్రీ కొడుకులు షావుకారు ఇంట గోతీలవుతారు, అంటే ఒంటి కష్టంతో బాకీ తీర్చే జీతగాళ్లన్నమాట. ఎంత చాకిరీ చేసినా ఆ బాకీ తరగదు. మా తాతగారి చిట్టాలోని ఆ పదకొండేళ్లను అవతలి ఒడ్డు నుంచి చూస్తే ఎలా ఉంటుందో నాకు ఆ నవల చదివాకే తెలిసింది. పిల్లలు అడిగినప్పుడు తడబడకుండా, మన ఇంట్లోనూ అలాంటి చిట్టా ఉండేదని చెప్పండి. పాత కాగితాలు అటకమీద ఉంటే, చెదలు పట్టకముందే దింపి వారితోనే చదివించండి.

ప్రశ్న: గిరిజనులు అనాలా, ఆదివాసులు అనాలా? సవర అనాలా, సోర అనాలా? – జయపురం

జవాబు: పాత పుస్తకాల్లో కనిపించే కొండజాతి, అడవి మనుషులు వంటి మాటలను ఉటంకించేటప్పుడు తప్ప మనం వాడవద్దు. గిరిజనులు అన్నది ఉండే చోటునుబట్టి వచ్చిన మాట. ఆదివాసులు అన్నదాంట్లో ఈ నేలకు ముందు వచ్చినవారమన్న హక్కు ఉంది. ఉద్యమాల్లో ఉన్నవారు ఎక్కువగా ఆ మాటనే ఎంచుకుంటున్నారు. జాతి పేరు చెప్పేటప్పుడు వారు తమను ఎలా చెప్పుకుంటారో అలా రాయడం మర్యాద: సవరలు తమను సోర అనీ, గోండులు కోయితోర్ అనీ అంటారు. నేను ఇక్కడ పాఠకులకు అలవాటైన పేరూ, వారి పేరూ రెండూ వాడుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు హైమన్‌డార్ఫ్ పేరు తరచు చెప్పేవారు. ఆయన పుస్తకాల్లో ఏది ముందు చదవాలి? ప్రాణహితకు ఇవతలి మా ప్రాంతం గురించి ఎవరైనా రాశారా? – సిరోంచ

జవాబు: క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం రావడంతో శత్రుదేశపు పౌరుడిగా లెక్కకట్టి ఆయనను హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటనివ్వలేదు. ఆ నిర్బంధం ఆదిలాబాదు గోండులకు ఒకరకంగా మేలుచేసింది. నిజాం మీద తిరగబడిన గోండు నాయకుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని ఆయన చేతికి వచ్చింది. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. మార్లవాయిలో ఉండి గోండి వాచకాలతో బడులు పెట్టించారు. 1987లో కన్నుమూసిన ఆయన భార్య ఎలిజబెత్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది.

వరుసగా చదవకండి. ముందు 1948 నాటి రాజగోండుల పుస్తకం చదివి, మధ్యవన్నీ వదిలేసి, నేరుగా 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' తెరవండి. తాను పట్టాలు ఇప్పించిన ఊళ్లకే మూడు దశాబ్దాల తరువాత తిరిగి వెళ్లి, ఆ భూములు వలసదారుల చేతికి ఎలా పోయాయో ఒక్కొక్క ఊరి పేరుతో రాసుకున్న పుస్తకం అది. తెల్లదొరల పాలన పోయాక కూడా ఆదివాసుల భూములు చేజారడం ఆగలేదని చెప్పడానికి అంతకంటే నమ్మదగిన సాక్షి నాకు తెలియదు. ఆయన నిజాం కొలువులో ఉండి రాశారన్న సంగతి మరిచిపోకుండా చదవండి. భీం గురించి తెలుగులో తెలుసుకోవాలంటే సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఉంది.

మీ వైపుకు వస్తే, డబ్ల్యూ.వి. గ్రిగ్‌సన్ బస్తర్ మారియా గోండుల మీద 1938లో రాసిన పుస్తకం మీ పొరుగు అడవుల గురించే. ఇంగ్లీషువారిమీద తిరగబడినందుకు చాందాలో (ఇప్పటి చంద్రపూర్) 1858 అక్టోబరు 21న ఉరితీసిన గోండు నాయకుడు బాబూరావు షెడ్మాకే కథ కూడా మీ గడ్డదే. దాన్ని మరాఠీలో వెతికి చదవండి. గోండి, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబానికి చెందిన అక్కాచెల్లెళ్లని గుర్తుంచుకుంటే, ఆ పాటల్లో మాటలు చాలాచోట్ల మీ చెవికి తెలిసినట్టే అనిపిస్తాయి.

ప్రశ్న: ఖోండుల (కోదుల) మెరియా నరబలిని ఇంగ్లీషువారు మాన్పించారని పాఠ్యపుస్తకంలో చదివాను. అది మంచిపని కాదా? దాన్ని కూడా తప్పుబట్టే పుస్తకాలు ఉన్నాయంటే నాకు అర్థం కావడం లేదు. – పర్లాకిమిడి

జవాబు: మనిషి ప్రాణం కాపాడటం మంచిపనే. అందులో రెండో మాట లేదు. అసలు సందేహం ఆ కథను ఎక్కడ మొదలుపెడుతున్నారన్నది. తేదీలు చూడండి. గంజాం వైపున్న ఘుమ్‌సర్ రాజా కప్పం బాకీపడి కొండల్లోకి వెళ్లిపోయాడు. ఆయనకు ఆశ్రయమిచ్చిన ఖోండులమీదికి కంపెనీ సైన్యం వెళ్లింది. 1835 నుంచి 1837 వరకు జరిగిన ఆ యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు, పెద్దలను ఉరితీశారు. మెరియా సంగతి అధికారుల నివేదికల్లోకి ఎక్కింది ఆ యుద్ధం మధ్యలోనే. అంటే సైన్యం నరబలిని ఆపడానికి కొండ ఎక్కలేదు, బాకీ వసూలుకు ఎక్కింది. 1845లో నరబలిని ఆపడానికి ప్రత్యేక ఏజెన్సీ వచ్చింది. ఆ కొలువులో పనిచేసిన జాన్ క్యాంప్‌బెల్ పుస్తకం 1864లోనూ, మాక్‌ఫర్సన్ జ్ఞాపకాలు ఆయన సోదరుడి చేతిమీదుగా 1865లోనూ వచ్చాయి. ఎవరి పద్ధతి గొప్పదన్న విషయంలో ఈ ఇద్దరికీ పడేది కాదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకరు దాచింది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది.

ఫెలిక్స్ పాడెల్ 1995లో రాసిన పుస్తకం ఈ కాగితాలన్నిటినీ తిరగేసి, బలి ఇచ్చినవారిని లెక్కపెట్టిన చేతులు, తగలబడిన ఊళ్లలో చచ్చినవారిని ఎందుకు లెక్కపెట్టలేదని అడుగుతుంది. ఆయన వాదనతో నేను ప్రతిచోటా ఏకీభవించను. బలికోసం కొనుక్కొచ్చిన పిల్లల వైపు నుంచి ఆయన ఇంకొంచెం మాట్లాడి ఉండవలసిందని నా అభిప్రాయం. కానీ ఆ ప్రశ్న మాత్రం అడగవలసిందే. ఖోండులు తరువాత మనిషికి బదులు దున్నపోతును ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మార్పును కేవలం దొరల ఘనతగా రాసే పుస్తకాలు, మారినవారిని మనుషులుగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

పాడెల్, సమరేంద్ర దాస్ కలిసి 2010లో అల్యూమినియం గనుల మీద ఇంకో పెద్ద పుస్తకం రాశారు. అది వచ్చిన మూడేళ్లకు, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మన రాయగడ, పక్కనున్న కలహండి జిల్లాల్లోని 12 ఊళ్లలో పల్లీసభలు (ఊరివారి సభలు) జరిగి, ఆ పన్నెండూ నియమగిరిమీద గని వద్దన్నాయి. మెరియా పుస్తకాలు చదివి అలసిపోతే ఆ గనుల పుస్తకం చదవండి. అందులో కోదుల మాట కోదుల నోటనే వినబడుతుంది.

ప్రశ్న: ఆదివాసులు తమ గురించి తామే రాసుకున్న పుస్తకాలు చెప్పండి. ఇతర దేశాల్లోని మూలవాసుల గురించి కూడా ఒకటి రెండు చెప్పగలరా? – కొరాపుట్

జవాబు: తెలుగులో మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలతో మొదలుపెట్టండి. మన సరిహద్దుకు అవతల పార్వతీపురం ఏజెన్సీ బతుకును అక్కడివాడే రాస్తే భాష ఎలా మారుతుందో తెలుస్తుంది. మలయాళంలో మలయరయర్ తెగకు చెందిన నారాయణ్ 1998లో 'కొచ్చరేత్తి' నవల రాశారు. సంథాల్ వైద్యుడు హాన్స్‌దా సౌవేంద్ర శేఖర్ ఇంగ్లీషు కథల సంపుటి 'ది ఆదివాసి విల్ నాట్ డాన్స్' 2015లో వచ్చింది. దాన్ని జార్ఖండ్ ప్రభుత్వం 2017 ఆగస్టులో నిషేధించి, డిసెంబరులో నిషేధం ఎత్తివేసింది. ప్రభుత్వపు వేదికమీద ఆడనని నిలబడిపోయిన ముసలి కళాకారుడి కథ అందులో ఉంది. బయటివారు రాసినా వదలకూడనిది మహాశ్వేతాదేవి బిర్సా ముండా నవల, తెలుగులో 'ఎవరిదీ అడవి'.

ఇతర దేశాలకు వస్తే, అమెరికాలో లైబ్రేరియన్‌గా పనిచేసిన డీ బ్రౌన్ 1970లో రాసిన 'బరీ మై హార్ట్ ఎట్ వూండెడ్ నీ' 1890 డిసెంబరు 29 నాటి ఊచకోత వరకూ సాగే ముప్పై ఏళ్ల కథ. సంధి సభల్లో తెగల పెద్దలు మాట్లాడిన మాటలు సర్కారు రికార్డుల్లోనే నమోదై ఉన్నాయి, ఆయన వాటిని వెలికితీశారు. పుట్టాసింగి పెద్దకు ఆ పాటి రికార్డు కూడా దక్కలేదు. న్యూజిలాండ్ మావోరీ పండితురాలు లిండా తుహివాయి స్మిత్ 1999లో పరిశోధన పద్ధతుల మీద రాసిన పుస్తకం కొంచెం బరువైనది. పరిశోధన అనే మాటే మూలవాసులకు ఎందుకు రోతపుట్టించిందో చెప్పి ఆమె మొదలుపెడతారు. ఈ కొండల్లో కెమెరా, ప్రశ్నల జాబితా పట్టుకుని తిరగబోయే విద్యార్థులు ముందు దాన్ని చదివి బయలుదేరితే బాగుంటుంది.

ప్రశ్న: నేను సవర కుర్రవాణ్ణి, డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మమ్మకు పాత సంగతులు చాలా తెలుసు. రాసిపెట్టాలని ఉంది. తెలుగులో రాయాలా, ఒడియాలోనా, మా భాషలోనా? ఎలా మొదలుపెట్టాలి? – గుణుపురం తాలూకా

జవాబు: బాబూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ సంతోషపెట్టింది నీదే. ముందు నీ భాషలోనే రాయి. సోర ముండా కుటుంబపు భాష, తెలుగుకూ ఒడియాకూ దాయాది కాదు. అందుకే దాన్ని అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి రాస్తే మీ అమ్మమ్మ మాట తీరు సగం దారిలోనే జారిపోతుంది. 1936లో మంగేయి గొమాంగో మీ భాషకు 24 అక్షరాలతో సోరాంగ్ సొంపెంగ్ లిపి కల్పించారు. అది వస్తే అందులో రాయి, రాకపోతే తెలుగు అక్షరాల్లో రాసినా తప్పులేదు. తెలుగు అర్థం పక్క పేజీలో తరువాత రాసుకోవచ్చు.

పెద్ద ప్రశ్నలతో మొదలుపెట్టకు. మీ చరిత్ర చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చోడి దంచేటప్పుడో, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడో, ఆవిడ మొదటిసారి సంతకు ఎవరితో వెళ్లిందో, దారిలో ఎక్కడ ఆగారో, ఏం కొన్నారో అడుగు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు, కొండల పేర్లు ఒక్కటి కూడా వదలకు. గెజిటీరు వదిలేసినవి అవే. ఫోనులో రికార్డు చేస్తే ఆవిడను అడిగి చెయ్యి, ఎవరికీ వినిపించవద్దన్నవి విడిగా పెట్టు. ప్రతి పేజీ మీద తేదీ వెయ్యి, చెప్పింది ఎవరో ఆవిడ పేరు పైన రాయి, రాసింది నువ్వని కింద రాసుకో. ఒక పది పేజీలయ్యాక ఆవిడ దగ్గర కూర్చుని మొత్తం పైకి చదువు. కాదు, అలా కాదు అని ఆవిడ సరిదిద్దిన చోట నువ్వు ముందు రాసిన మాటను కొట్టెయ్యకుండా, దాని పక్కనే ఆవిడ చెప్పిన మాట కూడా రాయి.